బండి ఎప్పుడు ఆగింది? సీమ దారుల్లో ఆఫ్‌రోడ్ బైకుల రోగాలు, రిపేర్లు

జమ్మలమడుగు దాటి గండికోట పక్క గుట్టల్లోకి మట్టిబాట పట్టిన బైకు ఒకటి ఇరవై నిమిషాలు సాఫీగా నడిచి, ఉన్నట్టుండి రెండు మూడు సార్లు తన్నుకుని ఆగిపోయిందనుకుందాం. సెల్ఫ్ నొక్కితే ఇంజిన్ తిరుగుతుంది కానీ అందుకోదు. పెట్రోల్ ఉందో లేదో చూద్దామని ట్యాంకు మూత తిప్పగానే ‘ఉస్స్’మని గాలి లోపలికి పోయిన చప్పుడు. ట్యాంకు సగానికి పైనే ఉంది. మూత పెట్టి మళ్లీ సెల్ఫ్ నొక్కితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. ఇంకో ఇరవై నిమిషాలకు మళ్లీ అదే కథ.

ఈ బండి ఊళ్లోకి వచ్చాక ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. మొదట ప్లగ్గు మారుస్తారు. తగ్గకపోతే కార్బొరేటర్ విప్పి కడుగుతారు. అప్పటికీ తగ్గకపోతే కాయిల్ పోయిందంటారు. షెడ్డు ముందు స్టాండ్ వేసి ఎంతసేపు నడిపినా బండి ఆగదు కాబట్టి ప్రతిసారీ రిపేరు అయిపోయినట్టే కనిపిస్తుంది. అసలు రోగం ట్యాంకు మూతలో ఉంది. పెట్రోల్ ఖర్చయ్యేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావడానికి మూతలో సన్నటి దారి ఒకటి ఉంటుంది. అందులో ఎర్రమట్టి పేరుకుంటే గాలి రాదు. లోపల గాలిలేని ఖాళీ పెరిగేకొద్దీ పెట్రోల్ కిందికి దిగడం మానేస్తుంది. షెడ్డులో ఐడిల్ మీద పెట్రోల్ ఖర్చు బాగా తక్కువ, అందుకే అక్కడ ఆగదు. ఒక గుండుసూది, నోటితో ఊదిన కాస్త గాలి చాలు, పని అయిపోతుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక ట్యాంకు ఆవిరిని పట్టే డబ్బా ఒకటి దాదాపు ప్రతి బండిలోనూ ఉంటోంది. అలాంటి బండ్లలో మూతతో పాటు, ఆ డబ్బాకు వెళ్లే పైపు ఎక్కడైనా మడతపడిందా, నలిగిందా అని కూడా చూడాలి.

ఆఫ్‌రోడ్ బండ్ల విషయంలో డబ్బూ టైమూ తగలేసేది ఇలాంటి తప్పుడు వెతుకులాటే. ‘ఏ పార్టు పోయింది?’ అని మొదలుపెడితే చివరికి ఏదో ఒక పార్టు మీదే నెపం పడుతుంది, అది బాగున్నా సరే. ముందుగా అడగాల్సింది ‘ఎప్పుడు ఆగింది?’ అని. వేడెక్కాకా, కిందపడ్డాకా, వంక దాటాకా, గతుకులో దూకినప్పుడా, ముందు బండి లేపిన దుమ్ములో గంటసేపు నడిచాకా? ఈ ఒక్క జవాబు దొరికితే వెతకాల్సిన చోటు బండి మొత్తం నుంచి జానెడు జాగాకు తగ్గిపోతుంది.

రాయలసీమలో ‘ఎప్పుడు’ అన్నదానికి ‘ఎక్కడ’ కూడా తోడవుతుంది. అనంతపురం వైపు ఎక్కువగా ఎర్రనేల, గరుసు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే చోటు కాబట్టి ఏడాదిలో ఎక్కువ నెలలు బాటలన్నీ పిండిలా ఉంటాయి. పాత కర్నూలు జిల్లాలోని కోయిలకుంట్ల నుంచి కడప జిల్లా జమ్మలమడుగు, ప్రొద్దుటూరు దాకా కుందూ నది పొడవునా నల్లరేగడి. అది ఎండాకాలం నెర్రెలిచ్చి, వానకు జిగురవుతుంది. బేతంచెర్ల చుట్టూ, కడప జిల్లాలో పలుచోట్ల నాపరాయి పలకలు. వాటి అంచులు టైరు పక్క గోడను కొడవలిలా కోస్తాయి. ఒకే ఆదివారం ఒకే బండి ఈ మూడు నేలలనూ తొక్కి రాగలదు, మూడు రకాల రోగాలూ తెచ్చుకోగలదు. మాన్యువల్‌లో రాసిన సర్వీసు కిలోమీటర్లు తారురోడ్డు లెక్క. ఈ నేల మీద ఆ లెక్కను సగానికి కోసుకోవడం అతిజాగ్రత్తేమీ కాదు.

దుమ్ము

అనంతపురం దుమ్మును ఊరికే దుమ్మని తీసిపారేయడానికి లేదు. అక్కడి గ్రానైట్ జాతి రాళ్లు వేల ఏళ్లుగా అరిగి రాలిన పొడి అది. అందులో క్వార్ట్జ్ ఉంటుంది. గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలతలో క్వార్ట్జ్ 7 దగ్గర ఉంటుంది, మామూలు ఉక్కు దానికన్నా కిందే. పిస్టన్ చేసే అల్యూమినియం అయితే ఎక్కడో అడుగున ఉంటుంది. అంటే కంటికి కనిపించని ఒక్కో రేణువూ ఇంజిన్‌కు ఆకురాయి ముక్కే. దాన్ని ఆపేది ఎయిర్ ఫిల్టర్ ఒక్కటే.

ఎయిర్ ఫిల్టర్ రెండు రకాలుగా పాడవుతుంది, రెండింటి లక్షణాలూ వేరు. మొదటిది మూసుకుపోవడం. గాలి చాలక పెట్రోల్ పాలు ఎక్కువవుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు బండి బరువుగా లాగుతుంది, మైలేజీ పడిపోతుంది, ప్లగ్గు మసి పట్టి నల్లగా ఉంటుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి చాలావరకు సర్దుకుంటుంది కాబట్టి మసి అంతగా కనిపించదు, పికప్ తగ్గడం ఒక్కటే తెలుస్తుంది. ఇది చికాకే కానీ ప్రమాదం కాదు. రెండోది దుమ్మును లోపలికి వదిలేయడం. ఇక్కడ బండి ఏ ఇబ్బందీ చెప్పదు, పైగా హుషారుగా నడుస్తుంది. కొన్నాళ్ల తర్వాత సైలెన్సర్ నుంచి నీలం పొగ మొదలవుతుంది, ఆయిల్ తగ్గుతూ ఉంటుంది. అప్పటికి రింగులూ సిలిండరూ అరిగిపోయి ఉంటాయి. పాత పద్ధతి ఇనుప సిలిండరైతే బోరు కొట్టించి పెద్ద పిస్టన్ వేసుకోవచ్చు. లోపల గట్టి పూత పూసిన కొత్త రకం సిలిండర్లకు ఆ వెసులుబాటు ఉండదు, సిలిండర్ మార్చడమే దిక్కవుతుంది. ‘ఫిల్టర్ తీసేస్తే పికప్ అదిరిపోతుంది’ అని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. తర్వాత వచ్చే బోరు ఖర్చు వాళ్లు పెట్టుకోరు.

దుమ్ము లోపలికి పోతోందో లేదో తెలుసుకోవడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. ఫిల్టర్ తీసి, దాని వెనక ఇంజిన్ వైపు వెళ్లే రబ్బరు గొట్టంలోకి వేలికి తెల్లటి గుడ్డ చుట్టి తుడవాలి. గుడ్డ శుభ్రంగా వస్తే ఫిల్టర్ తన పని చేస్తున్నట్టు. ఎర్రటి చార వస్తే ఫిల్టర్ చిరిగిందన్నా అనుకోవాలి, దాని అంచు సరిగ్గా కూర్చోవడం లేదన్నా అనుకోవాలి. ఎక్కువసార్లు తప్పు అంచుదే. ఫిల్టర్‌ను హడావుడిగా వంకరగా బిగిస్తే ఎంత ఖరీదైన ఫిల్టరైనా పక్కనుంచి దుమ్ము దూరుతుంది. అంచు చుట్టూ పలచగా గ్రీజు రాస్తే ఆ సందు మూసుకుంటుంది.

కడగడం దగ్గర కూడా రకాన్ని బట్టి పద్ధతి మారుతుంది. ఫోమ్ ఫిల్టరైతే ముందు కిరోసిన్‌లో, తర్వాత సబ్బు నీళ్లలో నొక్కి నొక్కి కడగాలి. బట్ట పిండినట్టు మెలిపెట్టి పిండితే అతుకులు ఊడిపోతాయి. పెట్రోల్‌తో కడిగితే అతికించిన జిగురు కరుగుతుంది, నిప్పు భయం ఎలాగూ ఉంది. నీడలో పూర్తిగా ఆరాక ఫోమ్ ఫిల్టర్ ఆయిల్ పోసి, అన్ని వైపులా ఒకే రంగు వచ్చేదాకా పిసకాలి. ఫోమ్ ఒక్కటే దుమ్మును ఆపలేదు, పట్టి ఉంచేది దానిలోని జిడ్డే. ఆ ఆయిల్ దొరక్క ఇంజిన్ ఆయిల్ పూసేవాళ్లున్నారు. ఇంజిన్ ఆయిల్ ఒకట్రెండు రోజుల్లో కిందికి కారి, పై సగం పొడిబారిపోతుంది. ఇక పేపర్ ఫిల్టర్‌ను నీళ్లలో ముంచకూడదు. మన దగ్గర అమ్మే చాలా బండ్లలో కంపెనీయే జిడ్డు పూసి పంపే పేపర్ ఫిల్టర్ వస్తుంది. దాన్ని గాలి కొట్టి శుభ్రం చేయడం కూడా తప్పే, మార్చడమే పద్ధతి. గుంపుగా తిరిగేవాళ్లు ఒక స్పేర్ ఫిల్టర్‌ను కవర్లో చుట్టి బ్యాగులో వేసుకుంటే సగం దిగులు తీరుతుంది. ముందు బండి దుమ్ములో తల దూర్చకుండా గాలివాటం చూసి పక్కకు తప్పుకోవడం అంతకన్నా చవకైన ఉపాయం.

పడ్డాక స్టార్ట్ కాకపోతే

ఆఫ్‌రోడ్‌లో పడటం తప్పదు. పడిలేచిన బండి స్టార్ట్ కాకపోతే వెంటనే పానాలు తీయకూడదు. పడ్డప్పుడు హ్యాండిల్ మీది కిల్ స్విచ్ చేయి తగిలో నేల తగిలో ఆఫ్ అయి ఉంటుంది. నవ్వొచ్చేంత చిన్న విషయం, కానీ దీన్ని గమనించకుండా పావుగంట సెల్ఫ్ నొక్కి బ్యాటరీ దింపేసుకున్న సందర్భాలకు లెక్కలేదు. ఆ తర్వాత సైడ్ స్టాండ్ స్విచ్. అందులో మట్టి ఇరుక్కుంటే స్టాండ్ ఎత్తినా బండి దించినట్టే అనుకుంటుంది. స్టార్ట్ అయిన బండి గేరు వేయగానే ఆగిపోతే అనుమానం నేరుగా దీని మీదికే పోవాలి. ఇంజెక్షన్ బండ్లలో చాలావాటికి ఒరిగితే ఇంజిన్‌ను ఆపేసే సెన్సర్ ఉంటుంది. బండిని నిలబెట్టి, తాళం ఆఫ్ చేసి, కాసేపాగి మళ్లీ ఆన్ చేస్తే అది మామూలు స్థితికి వస్తుంది.

కార్బొరేటర్ బండి పక్కకు పడి కొంతసేపు ఉంటే పెట్రోల్ సిలిండర్‌లోకి పొంగి ప్లగ్గు తడిసిపోతుంది. దగ్గరికి వెళితే పెట్రోల్ వాసన గుప్పుమంటుంది. చోక్ లాగడం ఇక్కడ చేయకూడని పని. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని నాలుగైదు కిక్కులు కొడితే గాలి ఎక్కువగా వెళ్లి లోపల ఆరుతుంది. అప్పటికీ రాకపోతే ప్లగ్గు తీసి తుడవాలి.

ప్లగ్గు తీసినప్పుడు దాని మొహం చదవడం అలవాటు చేసుకోవాలి. లేత ఇటుక రంగో గోధుమ రంగో ఉంటే అంతా బాగున్నట్టు. పొడి మసి ఉంటే గాలి తక్కువైంది, ఫిల్టర్ చూడాలి. నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిల్ మండుతోంది, రింగులు చూడాలి. సున్నం పూసినట్టు తెల్లగా ఉంటే పెట్రోల్ తక్కువై ఇంజిన్ అతిగా కాగుతోంది. నిప్పు వస్తోందా అని చూడటానికి ప్లగ్గును క్యాప్‌లో పెట్టి ఇంజిన్ లోహానికి ఆనించి సెల్ఫ్ నొక్కడం పాత పద్ధతి. పెట్రోల్ పొంగిన బండి దగ్గర ఇది చేసేటప్పుడు ప్లగ్గును దాని బెజ్జానికి దూరంగా పట్టుకోవాలి, లేకపోతే ప్లగ్గు నిప్పు పెట్రోల్ ఆవిరికి అంటుకుంటుంది.

పడ్డ బండి స్టార్ట్ అయి, తిన్నగా పోతున్నా హ్యాండిల్ మాత్రం వంకరగా కనిపిస్తే ఫోర్క్ వంగిందని కంగారు పడనక్కర్లేదు. చాలాసార్లు ఫోర్క్ గొట్టాలు క్లాంపుల్లో మెలి తిరిగి ఉంటాయి. క్లాంపు బోల్టులు, ముందు యాక్సిల్ కాస్త వదులు చేసి, ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య బిగించి హ్యాండిల్‌ను తిప్పితే సరవుతుంది. తర్వాత బ్రేకు పట్టి ముందు భాగాన్ని నాలుగైదు సార్లు కిందికి నొక్కి, ఆపైన బోల్టులు బిగించాలి.

వేడెక్కాకే ఆగితే

ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలు. దానికి తోడు మొదటి గేరులో గుట్ట ఎక్కుతుంటే ఇంజిన్‌కు గాలి తగలదు. ‘చల్లగా ఉన్నప్పుడు బాగుంది, వేడెక్కితే ఆగుతోంది, పది నిమిషాలు ఆగితే మళ్లీ వస్తోంది’ అనే ఫిర్యాదు షెడ్డుల్లో చాలా మామూలు. తికమక పెట్టేదీ ఇదే. ట్యాంకు మూత సంగతి మొదటే చెప్పుకున్నాం. మూత తీసి పెట్టగానే స్టార్ట్ అయితే అది. చల్లారేదాకా ఆగితే తప్ప రాకపోతే వేరే దారి పట్టాలి.

ఇక్కడ కిటుకు ఒక్కటే. ఆగిన నిమిషంలోనే ప్లగ్గు నిప్పు చూడాలి. చల్లారాక చూస్తే దొంగ వెళ్లిపోయాక తలుపు వేసినట్టే. వేడి మీద నిప్పు రాకపోతే ఇగ్నిషన్ కాయిల్, పికప్ కాయిల్, స్టేటర్, వాటి వైర్లు. లోపల సన్నగా తెగిన తీగ చల్లగా ఉన్నప్పుడు అంటుకుని, వేడికి వ్యాకోచించి విడిపోతుంది. మల్టీమీటర్‌తో చల్లగా ఉన్నప్పుడు, వేడిగా ఉన్నప్పుడు ఓమ్స్ చూసి పోల్చితే తేలిపోతుంది. నిప్పు బాగానే ఉంటే, ఇంజిన్ కంప్రెషన్ వదిలేస్తోందేమో చూడాలి. కిక్కు ఎప్పటికన్నా తేలిగ్గా దిగిపోతే వాల్వుల సందు, అంటే వాల్వుకూ దాన్ని నొక్కే టాపెట్‌కూ మధ్య ఖాళీ, బాగా తగ్గిందని అర్థం. వాల్వు తన సీటులోకి అరిగేకొద్దీ టాపెట్ సందు తగ్గుతుంది. వేడికి కాడ సాగి వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ కారిపోతుంది. టాపెట్ చప్పుడు చేస్తోందని అందరూ భయపడతారు కానీ, చప్పుడు చేసే టాపెట్ కన్నా చప్పుడు చేయని టాపెట్టే ప్రమాదం. చప్పుడు లేదంటే సందు ఉందో లేదో సందు కొలిచే పలచటి రేకు, ఫీలర్ గేజ్, పెట్టి చూస్తే తప్ప తెలియదు. సందు కొలిచేది ఇంజిన్ పూర్తిగా చల్లారాకే. ఎంత ఉండాలనేది ఆ బండి మాన్యువల్ చెప్పాలి, ఒక బండి అంకె ఇంకో బండికి పనికిరాదు.

నీళ్లతో చల్లబడే బండి అయితే రేడియేటర్ ఫిన్నుల్లో బురద, గడ్డిగింజలు ఇరుక్కున్నాయేమో, ఫ్యాన్ తిరుగుతోందో లేదో, ఫ్యూజ్ ఉందో లేదో చూస్తే చాలావరకు తేలిపోతుంది. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయడం మాత్రం చేతులు కాల్చుకోవడమే. గాలితో చల్లబడే ఇంజిన్‌కు ఫిన్నుల మధ్య ఎండిన మట్టి దుప్పటి కప్పినట్టు ఉంటుంది. పుల్లతో గీకి తీసేస్తే చాలు.

ముళ్లు, రాళ్లు

పంచర్ల విషయంలో సీమకు తిరుగులేదు. బాట పక్కన సర్కారు తుమ్మ, బాట మీద పల్లేరు కాయలు. తుమ్మముల్లు టైరులో దిగి కొస విరిగిపోతుంది, బయటికి కనిపించదు. ట్యూబ్ తీసి ప్యాచ్ వేసి బిగించిన అయిదు నిమిషాలకు మళ్లీ గాలి దిగితే ప్యాచ్‌ను తిట్టే ముందు టైరు లోపల చూడాలి. వేళ్లతో తడిమితే ముల్లు గుచ్చుకుంటుంది, అందుకని ఒక పాత బనియన్ గుడ్డను లోపల చుట్టూ తిప్పితే ఎక్కడ పట్టుకుంటే అక్కడ ముల్లు ఉన్నట్టు. బెజ్జం టైరులో ఎక్కడ పడిందో ట్యూబ్‌లోనూ అక్కడే ఉంటుంది కాబట్టి, ట్యూబ్‌ను తీసేటప్పుడు వాల్వు ఎటుందో గుర్తు పెట్టుకుంటే వెతుకులాట సగమవుతుంది.

పక్కపక్కనే రెండు చీలికలు, పాము కాటులా ఉంటే అది ముల్లు పని కాదు. గాలి తక్కువై, రాయి దెబ్బకు ట్యూబ్ రిమ్ముకీ టైరుకీ మధ్య నలిగింది. ఇసుకలో, బురదలో పట్టు కోసం గాలి తగ్గించడం మంచిదే. అదే గాలితో నాపరాయి మీదికి వెళితే ఈ పాము కాటు ఖాయం. రాళ్లబాటలో పట్టు కన్నా రిమ్ము ముఖ్యం. ట్యూబ్ వాల్వు రిమ్ములో వాలుగా కనిపిస్తే టైరు రిమ్ము మీద జారుతోందని గుర్తు. అలా ఉన్నప్పుడు వాల్వు అడుగు నట్టును రిమ్ముకు గట్టిగా బిగిస్తే వాల్వు మొదట్లో చిరుగుతుంది, ఆ చిరుగుకు ప్యాచ్ ఉండదు. ముందు 21 అంగుళాలు, వెనక 18 అంగుళాల చక్రాలున్న బండికి రెండు స్పేర్ ట్యూబులు మోయనక్కర్లేదు. ఇరవై ఒకటిది ఒకటి ఉంటే అవసరానికి వెనక చక్రంలోనూ సర్దుకుంటుంది. ఇల్లు చేరాక మాత్రం మార్చేయాలి.

స్పోకుల సంగతి చెవికి తెలిసినంత కంటికి తెలియదు. చక్రాన్ని లేపి తిప్పుతూ చిన్న పానాతో ఒక్కో స్పోకునూ తడితే, బిగువున్నది ‘టింగ్’మంటుంది, వదులైంది ‘డబ్’మంటుంది. వదులైనదాన్ని పావు చుట్టు చొప్పున బిగించాలి. ఒకేచోట ఊపుగా బిగిస్తే రిమ్ము అటు లాగుతుంది.

ఫోర్క్ నుంచి ఆయిల్ కారుతుంటే ‘సీల్ పోయింది’ అని వెంటనే తీర్పు చెప్పేస్తారు. చాలాసార్లు సీల్ పోలేదు, దాని పెదవి కింద ఒక మట్టి రేణువు ఇరుక్కుని సందు చేసింది. దాని మీది డస్ట్ సీల్‌ను మెల్లగా ఊడదీసి జరిపి, పాత ఎక్స్‌రే ఫిల్మ్ నుంచి కోసిన సన్నటి పట్టీకి కొసన కొక్కెంలా చిన్న గాటు పెట్టి, ఫోర్క్ గొట్టానికి ఆనించి సీల్ లోపలికి తోసి, చుట్టూ తిప్పుతూ వెనక్కి లాగితే ఆ మట్టి నల్లటి చారలా బయటికి వస్తుంది. తుడిచి, ఫోర్క్‌ను పదిసార్లు నొక్కి చూస్తే కారడం ఆగిందో లేదో తెలుస్తుంది. ఆగకపోతే అప్పుడు కొత్త సీల్. గొట్టం మీద రాయి తగిలిన గీత ఉంటే ఎన్ని కొత్త సీళ్లు వేసినా అది కోసేస్తూనే ఉంటుంది. ముందు ఆ గీతను సన్నటి ఎమెరీ పేపర్‌తో నున్నగా చేయాలి. కారిన ఆయిల్ బ్రేక్ డిస్క్ మీద పడిందేమో కూడా చూసుకోవాలి, ప్యాడ్లు ఆయిల్ పీల్చుకుంటే బ్రేకు పట్టదు.

నల్లరేగడిలో, వంకలో

నల్లరేగడి బంకమట్టి నీళ్లు పీల్చి ఉబ్బే రకం. సెప్టెంబరు, అక్టోబరు వానలకు కోయిలకుంట్ల పొలాల గట్ల మీద అది టైరుకు చుట్టుకుని, మడ్‌గార్డ్ కింద ముద్దకట్టి, చక్రాన్ని తిరగనివ్వకుండా పట్టేస్తుంది. ఆఫ్‌రోడ్ బండ్లకు ముందు మడ్‌గార్డ్ అంత ఎత్తున ఎందుకుంటుందో ఆ రోజు అర్థమవుతుంది. ఈ బురదలో ఎక్కువగా దెబ్బతినేది క్లచ్. చక్రం కదలకపోతే సగం క్లచ్ మీద యాక్సిలరేటర్ ఇస్తూ పోతారు, ప్లేట్లు కాలిపోతాయి. తర్వాత ఇంజిన్ చప్పుడు పెరుగుతుంది, బండి వేగం పెరగదు. క్లచ్ ప్లేట్లు మార్చే ముందు రెండు విషయాలు చూడాలి. క్లచ్ లివర్ కొసన ఒక సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూగా ఆట ఉందా, లేక వైరు బిగుసుకుపోయి ఉందా? ఇంజిన్‌లో పోసిన ఆయిల్ ఏ రకం? డబ్బా మీద జాసో ఎంఏ గానీ ఎంఏ2 గానీ అనే బైకు ఆయిల్ గుర్తు లేని కారు ఆయిల్ పోస్తే, అందులోని జారుడు మందులకు కొత్త ప్లేట్లు కూడా జారతాయి. కొందరు చవకగా వస్తుందని పోసేస్తారు.

చైన్ విషయంలో పొరపాటు దాదాపు ఎప్పుడూ ఒకటే, బిగువు. చప్పుడు చేస్తోందని తారురోడ్డు బండిలా బిగించేస్తారు. హీరో ఎక్స్‌పల్స్ 200 లాంటి బండికి వెనక చక్రం 170 మిల్లీమీటర్ల దాకా పైకీ కిందికీ ఆడుతుంది. ఆ ఆటలో గేర్‌బాక్స్ స్ప్రాకెట్, వెనక చక్రాన్ని మోసే స్వింగార్మ్ బోల్టు, వెనక యాక్సిల్ ఒకే గీతలోకి వచ్చిన క్షణంలో చైన్ అన్నిటికన్నా బిగుతుగా ఉంటుంది. నిలబెట్టిన బండిలో సరిగ్గా కనిపించిన చైన్ అప్పుడు తీగలా లాగి, గేర్‌బాక్స్ షాఫ్ట్ బేరింగ్‌నూ ఆయిల్ సీల్‌నూ తినేస్తుంది. బండి మీద ఇద్దరు ముగ్గుర్ని కూర్చోబెట్టి, చైన్ బాగా బిగిసిన చోట కూడా కాస్త వదులుందో లేదో చూడటమే నమ్మకమైన పరీక్ష. అరిగిందో లేదో తెలియాలంటే వెనక స్ప్రాకెట్ వెనక అంచు దగ్గర చైన్‌ను వెనక్కి లాగాలి, పన్ను సగం బయటపడితే చైన్ సెట్ మొత్తం మార్చాల్సిందే. దుమ్ము బాటకు వెళ్లే ముందు చైన్‌కు జిడ్డు దండిగా పూస్తే అది మట్టితో కలిసి సాన పట్టే ముద్ద అవుతుంది. పూయాల్సింది వచ్చాక, తుడిచి.

వంక దాటుతూ నడుస్తున్న ఇంజిన్‌తో నీళ్లలో పడిన బండికి మాత్రం ఒకే నియమం. సెల్ఫ్ నొక్కకూడదు. సిలిండర్‌లోకి వెళ్లిన నీరు పెట్రోల్ ఆవిరిలా అణగదు, పిస్టన్ దాన్ని నొక్కబోతే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. బండిని ఒడ్డుకు లాగి, ప్లగ్గు తీసి, ఎయిర్‌బాక్స్ నీళ్లు వంపేసి, ఫిల్టర్ పిండి ఆరబెట్టి, ఆ తర్వాత ప్లగ్గు లేకుండానే కిక్కు కొట్టాలి. బెజ్జం నుంచి నీళ్లు చిమ్ముతాయి. చిమ్మడం ఆగేదాకా కొట్టి, ప్లగ్గు బిగించి స్టార్ట్ చేయాలి. కిక్కు లేని బండిని టాప్ గేరులో పెట్టి వెనక చక్రం చేత్తో తిప్పినా అదే పని అవుతుంది. ఆయిల్ కిటికీలో టీ రంగు కనిపిస్తే ఆయిల్‌లో నీళ్లు కలిశాయి, మార్చకుండా ఇల్లు దాకా లాగడం బేరింగుల పాలిట శాపం. ఇప్పుడు పంపుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌లో నీళ్లు చేరితే ఇథనాల్ వాటితో కలిసి ట్యాంకు అడుక్కి దిగుతుంది. అలాంటప్పుడు ట్యాంకు ఖాళీ చేయక తప్పదు.

ఇంటికొచ్చాక బురద వదిలించడానికి ప్రెషర్ వాష్ పెట్టిస్తారు. ఆ ధారను చక్రం మధ్యకీ, హ్యాండిల్ కింది కోన్ సెట్‌కీ, చైన్‌కీ తిన్నగా కొట్టడం అంటే బురదను బేరింగుల్లోకి చేత్తో కూరినట్టే. రెండు నెలల తర్వాత హ్యాండిల్ తిన్నగా ఉన్నచోట పట్టుకున్నట్టు అనిపిస్తే కోన్ సెట్‌లో గుంటలు పడ్డాయని అర్థం.

బ్రేకుల గురించి ఒక్క మాట. పెద్ద దిగుడులో వెనక బ్రేకు ఉన్నట్టుండి మెత్తగా అయిపోయి, చల్లారాక మళ్లీ గట్టిపడితే ఆయిల్ మరిగింది. డాట్ 4 బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. గాలిలోని తేమ పీల్చుకున్నాక అది 155 దాకా పడిపోవచ్చు. ప్యాడ్లు మార్చి లాభం లేదు, ఆయిల్ మార్చాలి.

బాట మధ్యలో ఇంజిన్ ఛాంబర్‌కు రాయి తగిలి సన్నగా చీలితే పెట్రోల్‌తో తుడిచి, ఆరాక ఎమ్-సీల్ ముద్ద అంటించి గంట ఆగితే ఊరు చేరొచ్చు. పెట్రోల్ ట్యాంకు చెమ్మగిల్లుతుంటే బట్టల సబ్బు ముక్క రుద్దితే ఆగుతుంది. ఈ రెండూ ఆ రోజుకే.

షెడ్డుకు తీసుకెళ్లినప్పుడు ‘కాయిల్ పోయినట్టుంది, చూడన్నా’ అంటే మెకానిక్ కాయిలే చూస్తాడు. ‘పది కిలోమీటర్లు పోయాక ఆగుతోంది, మూత తీస్తే వస్తోంది’ అంటే మూత చూస్తాడు. ఆగిన చోటు, టైము, అప్పటి గేరు, ప్లగ్గు రంగు ఫోన్‌లో ఫొటోతో సహా ఉంటే ఇంకా మంచిది.

ఏం చేసినా కదలని బండిని ఇంకో బండితో లాగాల్సి వస్తే తాడును హ్యాండిల్‌కు కట్టకూడదు, ముందు బండి కాస్త గుంజగానే వెనకవాడు పడతాడు. ముందు బండి ఎడమ ఫుట్‌రెస్ట్‌కు ఒక కొస కట్టి, రెండో కొసను ఆగిన బండి కుడి ఫుట్‌రెస్ట్ మీద ఒక చుట్టు చుట్టి, ముడి వేయకుండా బూటుతో తొక్కి పట్టుకోవాలి. పడేటట్టుంటే కాలు లేపితే చాలు, తాడు జారిపోతుంది. తారురోడ్డు చేరాక ఏ టాటా ఏస్ అయినా దొరుకుతుంది.